ఫ్రెండ్స్ బెర్సెర్క్ క్లైమాక్స్ చూపిస్తూ నా మొహాన్ని వీడియో తీశారు. ఇంత డిస్టర్బ్ అవ్వడం నాకేనా?

కొండాపూర్_కుర్రోడు:

ముందే చెప్తున్నా, బెర్సెర్క్ అనే జపనీస్ అనిమే (యానిమేషన్ సిరీస్) స్పాయిలర్స్ ఉంటాయి, చూడాలనుకునేవాళ్ళు ఇక్కడితో ఆపేయండి.

నేను అనిమేకి కొత్తేం కాదు. స్కూల్ రోజుల నుంచి నరూటో, వన్ పీస్ చూస్తున్నా, అటాక్ ఆన్ టైటన్ మొత్తం చూశా, 2025లో డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ కాజిల్ తెలుగు డబ్ వస్తే థియేటర్‌కి కూడా వెళ్ళా. రక్తం చూస్తే కళ్ళు తిరిగే టైపు అస్సలు కాదు. నాతో ఫ్లాట్‌లో ఉండే ముగ్గురూ 1997 బెర్సెర్క్ చూడాల్సిందే అని పట్టుబట్టారు, మొత్తం పాతిక ఎపిసోడ్లు, వీకెండ్స్‌లో కలిసి చూసుకుంటూ వచ్చాం, నిజం చెప్పాలంటే నాకు పిచ్చిగా నచ్చింది, హీరో గట్స్, అతని దళనాయకుడు గ్రిఫిత్, అదే దళంలో కమాండర్‌గా ఉండే అమ్మాయి కాస్కా, ముగ్గురూ ఇంట్లో మనుషుల్లా అయిపోయారు నాకు. చివరి ఎపిసోడ్లు పెట్టేముందు ఒకడు లైట్లు ఆపేశాడు, ఇంకొకడు ఫోన్‌ని టీవీ పక్కన నిలబెట్టాడు, నేను పట్టించుకోలేదు. ఆ గ్రహణం సీన్ మొదలైంది, గ్రిఫిత్ తన దళాన్నంతా రాక్షసులకి బలిచ్చే సీన్ అది. ఒక్కొక్కళ్ళనే తినేస్తుంటే కష్టంగానే చూశా, కాస్కా మీద అత్యాచారం దగ్గరికి వచ్చేసరికి నా వల్ల కాలేదు, లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయా, చేతులు వణుకుతున్నాయి, లోపల వాళ్ళు నవ్వుతున్నారు. తర్వాత తెలిసింది, మొదటి ఎపిసోడ్ నుంచి వాళ్ళు ఎదురుచూసింది ఆ సీన్ కోసం కాదు, ఆ సీన్‌కి నా మొహం ఎలా మారుతుందో చూడ్డానికి. వీడియో మా వాట్సాప్ గ్రూప్‌లో పెట్టారు, ఇన్‌స్టాలో పెడతామంటున్నారు. "బొమ్మలే కదరా, మగాడివై ఉండి కార్టూన్ చూసి ఏడుస్తావా" అంటున్నారు.

అప్పట్నుంచి నిద్ర సరిగ్గా పట్టట్లేదు, ఆఫీస్‌లో కాల్ మధ్యలో కూడా సడన్‌గా ఆ ఫ్రేమ్ కళ్ళముందుకి వస్తోంది. అటాక్ ఆన్ టైటన్‌లో మనుషుల్ని నమిలేస్తుంటే బిర్యానీ తింటూ చూసినోడిని, మరి ఇదెందుకు ఇలా తగిలింది? ఇంత ఘోరంగా చూపించాల్సిన అవసరం ఉందా అసలు, దీన్ని అంతమంది మాస్టర్‌పీస్ అని ఎందుకంటారు? కొంచెం సీరియస్‌గా చెప్పండి ప్లీజ్.

పాత_డీవీడీ_షెల్ఫ్:

తమ్ముడూ, నీకు తగిలిందంటే కథ నువ్వు సరిగ్గా చూశావని అర్థం. టైటన్ మనిషిని తింటుంటే భయమేస్తుంది కానీ ఆ టైటన్‌కి ఆ మనిషి పేరు కూడా తెలీదు. ఇక్కడ బలిచ్చింది గ్రిఫిత్. అతన్ని ఏడాదిపాటు జైల్లో పెట్టి, నాలుక కోసి, నరాలు తెంపి మూలన పడేస్తే ప్రాణాలకి తెగించి బయటికి తెచ్చింది ఎవరు, అతని దళం బ్యాండ్ ఆఫ్ ది హాక్ వాళ్ళే కదా, ఆ తెచ్చినవాళ్ళనే అతను బలిచ్చాడు. గట్స్ తన చెయ్యి రాక్షసుడి నోట్లో ఇరుక్కుంటే తానే నరుక్కుని మరీ కాస్కా వైపు పరిగెత్తుతాడు, అయినా ఆపలేకపోతాడు, అతన్ని నేలకేసి అదిమిపెట్టి చూసేలా చేస్తారు. నువ్వు కూర్చున్న చోటు కూడా అదే, చూడ్డం తప్ప ఏం చెయ్యలేని చోటు. పైగా 1997 సిరీస్ దాదాపు అక్కడే కట్ అయిపోతుంది, వాళ్ళిద్దరూ ఎలా బయటపడ్డారో కూడా చెప్పదు, కాబట్టి నీ బుర్ర ఆ సీన్ దగ్గరే ఆగిపోయింది. నాకు తెలిసిన ఎంతమందో ఆ ముగింపు చూసి ఇలాగే అయ్యారు, బయటికి చెప్పరంతే.

అవసరమా అన్నావు. దీనికి మూలమైన మాంగా (జపనీస్ కామిక్) సంగతి వేరు. కెంటారో మియురా 1989లో మొదలుపెట్టాడు, పెద్దవాళ్ళ కోసం వచ్చే పత్రికలో, పిల్లల పత్రికలో కాదు. గ్రహణం తర్వాత ఆయన చేసింది ఇంకో గ్రహణం గీయడం కాదు, ఆ దెబ్బ తిన్నవాళ్ళు తర్వాత రోజు నుంచి ఎలా బతుకుతారు అన్నది గీశాడు. గట్స్ మొదట్లో పగ అంటూ తిరుగుతాడు, కాస్కాని ఒక గుహలో వదిలేసి వెళ్ళిపోతాడు, చాలాకాలానికి అది తప్పని తెలుసుకుని వెనక్కొస్తాడు, మెల్లగా కొత్త మనుషులు చేరతారు, కలిసి తింటారు, కొంచెం నవ్వుతారు కూడా. ఎవరైనా ముట్టుకుంటే ఉలిక్కిపడే మనిషి మళ్ళీ ఇంకొకళ్ళని నమ్మడానికి ఎన్ని పేజీలు పట్టాలో అన్ని పేజీలూ పట్టింది. మియురా 2021 మేలో 54 ఏళ్ళకే పోయారు, కథంతా ఆయన నోటితో విన్న స్నేహితుడు కౌజీ మోరి పర్యవేక్షణలో ఆయన అసిస్టెంట్లే 2022 నుంచి కొనసాగిస్తున్నారు. ఆ సీన్ ఒక్కటే కోసి క్లిప్ చేసి చూపించేవాళ్ళు ఆయన పనిలో మిగతాదంతా పారేస్తున్నట్టే, నాకు అదే మండుతుంది.

వీడియో విషయంలో మాత్రం మొహమాటపడకు. డిలీట్ చెయ్యమని అడుగు, నవ్వుతూ కాదు, మామూలు గొంతుతో.

సైనిక్‌పురి_సుబ్బలక్ష్మి:

పైన అన్నగారు చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటా, సగం అస్సలు ఒప్పుకోను. నేనూ మాంగా చదివాను. గట్స్ బాధ గురించి, గట్స్ పగ గురించి, గట్స్ మళ్ళీ మనుషుల్ని నమ్మడం గురించి మీరు ఇంత రాశారు కదా, మరి కాస్కా? అత్యాచారం జరిగింది ఆమెకి. ఆ రోజు ఆమెకి మాట పోయింది, మతి పోయింది, మళ్ళీ తన మనసు తనకి వచ్చేసరికి పాఠకుల లెక్కలో 2018 వచ్చింది, అంటే ఇరవై ఏళ్ళకి పైనే. వెయ్యిమంది సైనికుల్ని నడిపించిన కమాండర్, గట్స్‌తో సమానంగా మాట్లాడిన మనిషి, అన్నేళ్ళు ఎవరో చెయ్యి పట్టుకుని నడిపించాల్సిన మనిషిగా మిగిలిపోయింది. ఆమె లోపల ఏం జరిగిందో మనకి తెలిసేలోపు గట్స్ లోపల ఏం జరిగిందో మనకి కంఠతా వచ్చేసింది. గీసిన చెయ్యి గొప్పదే, నేను కాదనను, కానీ ఆడమనిషి మీద జరిగిన దాన్ని మగ హీరో కోపానికి పెట్రోల్‌లా వాడటం ఇందులోనూ ఉంది. పైగా ఆ సీన్‌లో ఆమె శరీరాన్ని గీసిన తీరు, ఏ కోణంలో ఎంతసేపు చూపించాలి అనే నిర్ణయం, అది బాధని చూపించడం దగ్గర ఆగిందని నేను అనుకోను.

చూపించకూడదని కాదు నేననేది. సతోషి కోన్ అనే డైరెక్టర్ పర్ఫెక్ట్ బ్లూ అనే అనిమే సినిమా తీశాడు, అది కూడా 1997దే. అందులో మిమా అనే అమ్మాయి పాటలు మానేసి నటిగా మారుతుంది, సీరియల్‌లో అత్యాచారం సీన్ చెయ్యాల్సి వస్తుంది. ఆ సీన్ మధ్యలో డైరెక్టర్ కట్ అంటాడు, అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతారు, మీద ఉన్న నటుడు ఆమెకి మెల్లగా సారీ చెప్తాడు, మళ్ళీ యాక్షన్ అనగానే మొదలు. లైట్లు, కెమెరాలు, చుట్టూ నిలబడి చూసేవాళ్ళు అందరూ మనకి కనిపిస్తూనే ఉంటారు. అక్కడ జరిగేది నటన అని తెలుస్తూనే ఉంటుంది, అయినా ఆ అమ్మాయికి ఏదో నిజంగానే పోతోందని కూడా తెలుస్తుంది. చూసేవాళ్ళకి సుఖంగా కూర్చునే చోటు దొరకనివ్వడు ఆయన. హింస చూపించడానికి, హింసని వడ్డించడానికి తేడా అదీ.

తమ్ముడూ నువ్వు లేచి వెళ్ళిపోయావు చూడు, చాలా సరైన పని అది. చూడలేకపోవడం కూడా ఆ సీన్ గురించి ఒక అభిప్రాయమే, దానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

ఉప్పల్_నైట్‌షిఫ్ట్:

నేనైతే గోర్, అంటే రక్తపాతం ఉండే అనిమే మస్తు చూస్త. ఇష్టమే నాకు, దాచుకునేదేం లేదు. గాని అక్క చెప్పిన ఆఖరి మాట కరెక్ట్.

మీకు అసలు గీ బాపతు అనిమే ఎట్ల పుట్టిందో చెప్త. జపాన్‌ల టీవీల వేస్తే టీవీ రూల్స్ ఉంటయ్, 1983ల డాలోస్ అని ఒకటి టీవీ, థియేటర్ రెండూ కాకుండ డైరెక్ట్ వీడియో క్యాసెట్‌ల రిలీజ్ చేసిండ్రు, ఓవీఏ అంటరు కదా అట్ల వచ్చిన మొదటిది అది. ఇగ అప్పటి సంది టీవీల పెట్టలేనియన్ని క్యాసెట్‌ల పెట్టుడు షురూ అయింది, పైసలు పెట్టి కొనేది పెద్దోళ్ళే కాబట్టి రక్తం, బట్టల్లేని సీన్లు అన్నీ పెరిగినయ్. 90లల్ల అమెరికా, బ్రిటన్‌ల అమ్మినోళ్ళు కూడ అసుంటియే ఏరుకొని, గిది మీ కార్టూన్ కాదు అని చెప్పుకొని అమ్మిండ్రు, అందుకే అనిమే అంటేనే గదే అన్న పేరు వడ్డది. ఇప్పుడు కొన్ని సిరీస్‌లు అర్ధరాత్రి టైమ్‌ల టీవీల వేస్తరు, వేసేటప్పుడు నల్లగ మసి పూసినట్టో, తెల్లగ లైట్ కొట్టినట్టో కప్పుతరు, బ్లూరే కొంటే కప్పకుండ ఇస్తరు. అంటే కప్పుడు తీసేసుడే అక్కడ అమ్ముకునే సరుకు. అసుంటి సిరీస్‌లల్ల కథ కోసం సీన్ ఉండదు, సీన్ కోసం కథ ఉంటది, రెండు ఎపిసోడ్లు చూస్తే ఎవ్వలికైన ఎరుకైతది. బెర్సెర్క్‌ని అండ్ల కలపద్దు.

నాకెందుకు ఇష్టమంటే, డ్యూటీల పొద్దంత మంచిగ మాట్లాడాలె, కస్టమర్ తిట్టినా సారీ సర్ అనాలె, ఇంటికొచ్చినంక డెవిల్‌మ్యాన్ క్రైబేబీ అసుంటిది పెడితే మనుషులు లోపల ఎంత ఖరాబున్నరో మొహం మీద చెప్తది, అబద్ధం ఆడది. మసాకీ యుఆసా 2018ల తీసిండు, పది ఎపిసోడ్లే, మొదటి ఎపిసోడ్‌లనే అంత గలీజుంటది, సగం మంది ఆడికే బంద్ చేస్తరు. ఆఖర్ల చూస్తే రాక్షసుల కంటె పుకార్లు నమ్మి పక్కింటోళ్ళనే చంపే మనుషులే భయమనిపిస్తరు. నేను ఏడ్చిన. ఏడ్చుడు నాకు మంచిగనే అనిపించింది, ఎందుకంటే నేను తెలిసి పెట్టుకున్న, ఒక్కణ్ణే కూసొని చూసిన, ఆపబుద్ధైతే ఆపుకునేటోణ్ణి.

నీకు ఆ ఛాన్స్ ఇయ్యలే నీ దోస్తులు. 2018 అక్టోబర్‌ల గాబ్లిన్ స్లేయర్ మొదటి ఎపిసోడ్ వచ్చినప్పుడు కూడ గిదే లొల్లి, జనం మామూలు ఫ్యాంటసీ అనుకొని చూసిండ్రు, అండ్ల ఆడోళ్ళ మీద అత్యాచారం చూపెట్టేసరికి గొడవైంది, అనిమే చూపెట్టే సైట్ క్రంచీరోల్ తర్వాత ముందుగాల వార్నింగ్ పెట్టింది. ఒక్క లైన్ వార్నింగ్. గంత చిన్న పని, నీ దోస్తులు నోటితోని చెప్పలేరా? నేను కొత్తోళ్ళకు ఏదన్న చూపెడితే ఏమేం ఉంటయో ముందే చెప్త, స్పాయిల్ అయితే అయితది. మనుషుల కంటె ట్విస్ట్ ఎక్కువ కాదు.

కేపీహెచ్‌బీ_అమ్మ:

నాకు అనిమే గురించి పెద్దగా తెలీదండి, మీరంతా రాసింది చదివి కొంచెం అర్థమైంది. మా పెద్దోడికి పద్నాలుగేళ్ళు. బొమ్మలు కదా అని నేను ఎప్పుడూ పక్కన కూర్చుని చూడలేదు, మొన్న వాడికి పాలు ఇద్దామని గదిలోకి వెళ్తే స్క్రీన్ మీద ఉన్నది చూసి నాకు నోట మాట రాలేదు. వాడు చటుక్కున ఆపేశాడు. మావారు ఫోన్ లాక్కోమన్నారు. నేను లాక్కోలేదు. వాడి పక్కన కూర్చుని, నువ్వు ఇది ఎందుకు చూస్తున్నావు నాన్నా అని అడిగితే, క్లాసులో అందరూ చూశారమ్మా, చూడలేనోడిని బేబీ అంటారు అన్నాడు. అంటే వాడికీ అది నచ్చి చూడట్లేదండి, భయపడుతూనే చూస్తున్నాడు. కొండాపూర్ బాబు రాసింది చదివితే నాకు మావాడే గుర్తొచ్చాడు. ఇంత వయసొచ్చిన మగపిల్లలు కూడా ఒకళ్ళనొకళ్ళు ఇలా పరీక్షలు పెట్టుకుంటున్నారంటే బాధగా ఉంది.

వీటిని పిల్లలకి రాకుండా ఆపే పద్ధతి ఏదైనా ఉందా, ఫోన్ లాక్కోవడం కాకుండా? ఏది ఏ వయసుకో ఎలా తెలుస్తుంది?

పాత_డీవీడీ_షెల్ఫ్:

అమ్మా, ఉందండి. 2021లో కేంద్రం తెచ్చిన ఐటీ రూల్స్ ప్రకారం ఓటీటీల్లో ప్రతిదానికీ వయసు రేటింగ్ చూపించాలి, యూ, యూ/ఏ 7+, యూ/ఏ 13+, యూ/ఏ 16+, ఏ అని ఐదు రకాలు, పక్కనే హింస, నగ్నత్వం, బూతులు ఇలా ఏమేం ఉన్నాయో కూడా ఉంటుంది. 13+ నుంచి పైవాటికి పేరెంటల్ లాక్ ఇవ్వాలి, ఏ రేటింగ్ ఉన్నవాటికి వయసు నిర్ధారించే పద్ధతి పెట్టాలి. నెట్‌ఫ్లిక్స్ లాంటివాటిలో బాబుకి వేరే ప్రొఫైల్ పెట్టి, అకౌంట్ సెట్టింగ్స్‌లో ఆ ప్రొఫైల్‌కి వయసు పరిమితి పెట్టండి, మీ ప్రొఫైల్స్‌కి పిన్ పెట్టండి. రెండోది మర్చిపోతారు చాలామంది, పిన్ లేకపోతే పిల్లలు సింపుల్‌గా మీ ప్రొఫైల్‌లోకి వెళ్ళి చూసేస్తారు. పైరసీ సైట్లలో, టెలిగ్రామ్ ఛానెళ్ళలో ఇవేవీ పనిచెయ్యవు, అక్కడ రేటింగ్ లేదు, వార్నింగ్ లేదు. క్లాసులో తిరిగేవి ఎక్కువ అక్కణ్ణుంచే వస్తాయి. అందుకని మీరు పక్కన కూర్చుని అడిగారు చూడండి, దాన్ని మాత్రం ఆపకండి, ఏ లాక్ కన్నా అదే ఎక్కువ.

మలక్‌పేట_కౌన్సెలర్:

నేను కౌన్సెలింగ్ పనిలో ఉన్నాను, కొండాపూర్ బాబుకి నిద్ర గురించి, కళ్ళముందుకి వచ్చే ఆ ఫ్రేమ్ గురించి రెండు మాటలు.

బొమ్మలే కదా అన్న మాట వినడానికి లాజిక్‌లా ఉంటుంది కానీ శరీరం అలా లెక్కేసుకోదు. గుండె వేగం, చేతుల వణుకు, కడుపులో తిప్పడం, ఇవన్నీ ఇది గీసిందా నిజమా అని ఆలోచించి రావు. నువ్వు కొన్ని వారాలు ఆ పాత్రలతో ఉన్నావు, పైగా రాబోయేది ఏంటో తెలీకుండా, చీకట్లో, నమ్మినవాళ్ళ మధ్య కూర్చుని చూశావు. తర్వాత నవ్వారు. నన్నడిగితే నిన్ను పట్టుకుని ఉన్నది సీన్ ఒక్కటే కాదు, ఆ నవ్వు కూడా. ఆ రెండూ ఒకేసారి జరిగాయి కాబట్టి ఒకటి గుర్తొస్తే రెండోది కూడా లాక్కొస్తోంది.

ఒక పరిశోధన ఉంది, 2009లో ఆక్స్‌ఫర్డ్‌లో ఎమిలీ హోమ్స్ బృందం చేసింది. కొంతమందికి ఘోరమైన దృశ్యాలున్న సినిమా చూపించి, అరగంట తర్వాత సగం మందితో పది నిమిషాలు టెట్రిస్ అనే, పైనుంచి పడే ముక్కల్ని పేర్చే వీడియో గేమ్ ఆడించారు, ఆ తర్వాతి వారంలో ఆడినవాళ్ళకి ఆ దృశ్యాలు వాటంతటవే గుర్తుకురావడం ఆడనివాళ్ళ కంటే తగ్గింది. మనసులో బొమ్మల్ని పట్టుకునే చోటుని వేరే బొమ్మలతో నింపితే పాత బొమ్మ గట్టిగా నాటుకోదన్నది వాళ్ళ ఆలోచన. నీ విషయంలో ఆ అరగంట ఎప్పుడో దాటిపోయింది, కాబట్టి దీన్ని మందులా చెప్పట్లేదు, కానీ రాత్రి ఆ ఫ్రేమ్ వచ్చినప్పుడు దాంతో కుస్తీ పట్టకుండా కళ్ళకి, చేతులకి పనిపెట్టే ఏదైనా చెయ్యి, బొమ్మ గియ్యడమో, పజిల్ పెట్టుకోవడమో. ఆ సీన్ గురించి రాత్రిళ్ళు యూట్యూబ్‌లో వివరణల వీడియోలు వెతకడం మాత్రం ఆపెయ్, ప్రతి థంబ్‌నెయిల్‌తో మళ్ళీ అదే చూస్తావు.

మామూలుగా ఇవి రోజులు గడిచేకొద్దీ పలచబడతాయి. నెల దాటినా తగ్గకపోయినా, నిద్ర ఇంకా పాడవుతున్నా, లేదా ఈ సీన్ నీ సొంత జీవితంలో పాత విషయం దేన్నైనా కదిపిందనిపించినా, ఆలస్యం చెయ్యకుండా ఎవరితోనైనా మాట్లాడు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు, ఎదురుగా కూర్చుని మాట్లాడాలంటే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో ఓపీ ఉంది. ఎర్రగడ్డ పేరు వినగానే వెనక్కి తగ్గకు, నిద్ర పట్టట్లేదని వచ్చేవాళ్ళు అక్కడ రోజూ ఉంటారు.

కేపీహెచ్‌బీ అమ్మగారికి, మీ బాబు చూసినదాని గురించి మళ్ళీ ఒకసారి మాట్లాడండి, ఈసారి ఎందుకు చూశావని కాకుండా, చూశాక ఎలా ఉంది అని.

కొండాపూర్_కుర్రోడు:

అందరికీ థ్యాంక్స్, ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. నిన్న రాత్రి ముగ్గురినీ కూర్చోబెట్టి మాట్లాడా. వీడియో గ్రూప్‌లోంచి తీసేశారు, ఫోన్‌లోంచి కూడా నా ముందే తీయించా. ఒకడు మాత్రం ఓవర్‌యాక్షన్ చేస్తున్నావ్ అన్నాడు, నేను తిరిగి వాదించలేదు, నాకు చెప్పకుండా నన్ను వీడియో తీయొద్దు, అంతే అన్నా. వాడితో ఇంకా సరిగ్గా మాటల్లేవు, చూద్దాం.

సుబ్బలక్ష్మి అక్కా, మీరు కాస్కా గురించి రాసింది చదివాక నాకు ఒకటి అర్థమైంది, నన్ను ఆ సీన్‌లో చంపేసింది రాక్షసులు కాదు, ఆమెకి ఏం జరుగుతోందో అని ఎవరూ ఆలోచించకపోవడం, తెరమీదా, మా హాల్లో కూడా. మాంగా ముందుకి చదవాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు, గుహలో వదిలేసి వెళ్ళడం, తిరిగి రావడం అని అన్న రాసింది చదివితే చదవాలనే ఉంది, కానీ ఇప్పుడే కాదు. పర్ఫెక్ట్ బ్లూ కూడా ఇప్పుడే వద్దు. నైట్‌షిఫ్ట్ బ్రో, రాత్రి పడుకునేముందు చూసుకునేలా, రక్తం లేకుండా, అలాగని చిన్నపిల్లలది కాకుండా ఏదైనా ఉందా?

ఉప్పల్_నైట్‌షిఫ్ట్:

ముషిషి చూడు. 2005ది, ఇరవై ఆరు ఎపిసోడ్లు, దేనికదే కథ, ఎక్కడికెళ్ళైన మొదలువెట్టొచ్చు. అడవులు, వానలు, ఊర్లు, కంటికి అగుపడని జీవాలు, గింకో అనేటాయన ఊరూర తిరిగి వాటితోని ఇబ్బంది పడేటోళ్ళకు సాయం చేస్తడు. నిమ్మళంగుంటది, లొల్లి ఉండదు. ముందుగాల్నే చెప్తున్న, కొన్ని ఎపిసోడ్లల్ల మనుషులు సచ్చిపోతరు, పిల్లలకు పానం మంచిగుండదు, గాని ఎక్కడ కూడ నరుకుడు, చింపుడు చూపెట్టరు. మొదటి ఎపిసోడ్ల బొమ్మ గీస్తే దానికి పానం వచ్చే పిలగాడు ఉంటడు, అదైతే గా రాత్రికి సరిపోతది.